సొంత బొమ్మల సెట్, దానికో సైన్స్ ఫిక్షన్ కామిక్: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న ప్రెస్‌లో సైన్స్ ఫిక్షన్ కామిక్ వేసి, అందులోని పాత్రలను చిన్న బొమ్మలుగా (ఫిగర్లుగా) కూడా తేవాలనుకునేవాళ్ళు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ చివరికి ఒకచోట పెట్టాం. పని ఏ దశలో ఉంటే ఆ భాగానికి వెళ్ళి చదువుకోండి.

## ఇంకా ఆలోచనలో ఉన్నప్పుడు

ముందు కామిక్ చేయాలా, బొమ్మ చేయాలా?

ముందు బొమ్మ ఎలా తయారవుతుందో తేల్చుకోండి. తర్వాత కథ రాయండి. జనం చేతికి మాత్రం ముందు కామిక్ వెళ్ళాలి. ఇది వినడానికి తిరకాసుగా ఉన్నా కారణం ఉంది. కాగితం మీద వెయ్యిమంది సైన్యాన్ని ఒక్క ప్యానెల్‌లో గీసేయొచ్చు, బొమ్మను పోసే అచ్చు (మోల్డ్) దగ్గరికి వచ్చేసరికి ఒక్క చెయ్యి అదనంగా పెట్టాలన్నా ఖర్చే. ఫిగర్ ఎన్ని ముక్కలు, ఏ కీలు ఎటు తిరుగుతుంది, ఏ రంగుల్లో వస్తుంది అన్నది తెలియకుండా కథ రాసేస్తే, పాఠకుడికి బాగా నచ్చిన పాత్రే బొమ్మగా చేయలేనిదై కూర్చుంటుంది. ఇక విడుదల సంగతి: బొమ్మల అచ్చులు ఆలస్యమవుతాయి, కామిక్ అంతగా కాదు. మొదటి సంచిక బయట ఉంటే, ఎదురుచూసే జనానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

బొమ్మ కోసం రాసిన కామిక్ అంటే ప్రకటనే కదా? ఎవరు చదువుతారు?

ప్రకటనలా రాస్తే ఎవరూ చదవరు. 1979లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ రోమ్ అనే ఎలక్ట్రానిక్ బొమ్మ తెచ్చింది. లైట్లు వెలుగుతాయి, శబ్దాలు వస్తాయి, అంతే. ఆ బొమ్మ మార్కెట్లో నిలబడలేదు. దాని మీద మార్వెల్ వేసిన కామిక్ మాత్రం 75 సంచికలు నడిచి 1986లో ముగిసింది. రచయిత బిల్ మాంట్లో ఏం చేశాడంటే, ఆ లోహపు కవచం లోపల ఒక మనిషిని పెట్టాడు. సొంత లోకాన్ని కాపాడటానికి తన మానవ శరీరాన్ని వదులుకున్నవాడు. అతని శత్రువులు మనుషుల రూపంలో తిరుగుతారు కాబట్టి, అతను వాళ్ళను శిక్షించినప్పుడల్లా చూసేవాళ్ళకు పక్కింటివాణ్ణి చంపుతున్న రాక్షసుడిలా కనిపిస్తాడు. ఇదేదీ పెట్టె మీద రాసి లేదు.

అసలు ఇలాంటి ఒక బొమ్మ ఉందనే తెలియని మనిషికి మీ స్క్రిప్ట్ ఇచ్చి చదివించండి. ఎక్కడైనా ఆగి 'ఈ ఆయుధం గురించి ఇంతసేపు ఎందుకు చెబుతున్నారు?' అని అడిగితే, ఆ పేజీ ప్రకటన. తీసేయండి.

నా దగ్గర కథ మాత్రమే ఉంది. గీయడం రాదు, శిల్పం అసలే రాదు. మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు. అయితే గీసే మనిషిని, శిల్పం చేసే మనిషిని మొదటి రోజే ఒకచోట కూర్చోబెట్టండి. కామిక్ ఆర్టిస్ట్ ఎదురుగా నిలబడిన పాత్రను గీస్తాడు. శిల్పికి వీపు, పక్క, కాళ్ళ అడుగు కూడా కావాలి. ముందు, వెనక, పక్క మూడు వైపుల నుంచీ గీసిన షీట్ లేకుండా ఎవరికీ పని అప్పగించవద్దు.

ఎన్ని పాత్రలతో మొదలుపెట్టాలి?

బొమ్మగా ఒకటి. మహా అయితే రెండు. కథలో ఎంతమందైనా ఉండొచ్చు.

## కథ రాసేటప్పుడు

ఒకే ఫిగర్‌ని నాలుగైదు రంగుల్లో అమ్మాలి. చదివేవాళ్ళకు అది మోసంలా అనిపించకుండా ఎలా?

చిన్న సంస్థలు సొంతంగా తెచ్చే బొమ్మల సెట్లు చాలావరకు ఈ కిటుకు మీదే బతుకుతాయి. అచ్చుకే అసలు ఖర్చు, రంగు మార్చడానికి దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి అచ్చు ఒకటే ఉంటుంది, రంగులు మారుతూ ఉంటాయి. దీన్ని దాచడం అనవసరం, కథకు పునాదిగా వాడుకోండి.

ఒకే రూపం ఎందుకు పదే పదే కనిపిస్తోందన్న దానికి సైన్స్ ఫిక్షన్‌లో దొరికినన్ని కారణాలు ఇంకే రకం కథలోనూ దొరకవు. ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన రోబోలు కావచ్చు. ఒకే కణం నుంచి పెంచిన క్లోన్లు కావచ్చు. లోపలి మనిషి వేరు, స్పేస్‌సూట్ ఒకటే కావచ్చు. వయసుతో రంగు మారే జీవి అయితే ఒకే పాత్ర జీవితం మొత్తం నాలుగు ఫిగర్లలో చెప్పేయొచ్చు. పారదర్శకమైన ప్లాస్టిక్‌లో పోసినదాన్ని టెలిపోర్ట్ మధ్యలో చిక్కుకుపోయినవాడిగా చూపొచ్చు.

ఏ కారణం ఎంచుకున్నా దాని వల్ల పాత్రకు ఒక కష్టం రావాలి. తనలాగే ఉన్న వందమందిలో తానెవరో నిరూపించుకోవాల్సిన క్లోన్ అంటే కథ పుట్టినట్టే. 'ఇది ఎర్ర దళం, అది నీలి దళం' అంటే కేటలాగ్ పుట్టినట్టు. పిల్లలు కూడా ఆ తేడా ఇట్టే పట్టేస్తారు.

మా ఫిగర్లకు చేతులు, తలలు విప్పి మార్చుకోవచ్చు. కథలో కూడా పాత్రలు అలా విడిపోవాలా?

విడిపోతే బాగుంటుంది. ఆనెల్ డిజైన్ వాళ్ళ గ్లయోస్ ఫిగర్లు ఈ పద్ధతికి పేరుపడ్డాయి: ఒకే రకం పెగ్ (గుంటలో దూరే చిన్న మేకులాంటి ముక్క) కీలు కావడంతో ఏ ముక్క అయినా దేనికైనా అతుకుతుంది, వేరే చిన్న సంస్థలు కూడా అదే కీలుతో తమ ఫిగర్లు చేశాయి. బొమ్మ చేతిలో ఉన్నవాడు పది నిమిషాల్లో తల తీసి ఇంకోదానికి పెట్టేస్తాడు. కామిక్‌లో అది అసాధ్యమైతే, అతను ఆడుకునే ఆట మీ కథకు విరుద్ధమైపోతుంది. మార్పిడికి కథలో ఒక ధర పెట్టండి. చెయ్యి అరువిచ్చినవాడికి ఆ చేతి జ్ఞాపకాలు కూడా పోతాయనుకోండి, అప్పుడు ప్రతి మార్పిడీ ఒక నిర్ణయం అవుతుంది.

సైన్స్ ఎంత కచ్చితంగా ఉండాలి?

మీరు పెట్టుకున్న నియమాన్ని మీరే తప్పనంత. కాంతి కన్నా వేగంగా వెళ్ళే ఓడ ఉందంటే పాఠకుడు ఒప్పుకుంటాడు, ఆరో పేజీలో అదే ఓడ పక్క గ్రహానికి వెళ్ళడానికి నెలరోజులు తీసుకుంటే ఒప్పుకోడు.

తెలిసిన సైన్స్‌ని అడ్డంకిగా చూడవద్దు, కొన్నిసార్లు అదే సన్నివేశాన్ని ఇస్తుంది. భూమి నుంచి అంగారకుడికి రేడియో సందేశం చేరడానికి, గ్రహాలు ఉన్న చోటును బట్టి, సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అంటే ఫోన్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకోలేరు. 'ఆ తలుపు తెరవొద్దు' అన్న మాట చేరేసరికి తలుపు తెరిచి పావుగంట అయివుంటుంది. అంతరిక్షంలో గాలి లేదు కనుక పేలుడు శబ్దం వినపడదు. అందుకే ఓడ బద్దలైన ప్యానెల్‌లో 'ఢాం' రాయకుండా వదిలేసి, పక్క ప్యానెల్‌లో హెల్మెట్ లోపల రేడియో గరగర మాత్రం పెట్టి చూడండి. 'ఢాం' కన్నా అదే ఎక్కువ భయపెడుతుంది.

## బొమ్మ తయారీలో

రెజినా, వినైలా, ఇంజెక్షన్ మోల్డింగా? ఏది మేలు?

ఎన్ని చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. కొన్ని పదులంటే సిలికోన్ అచ్చులో పాలీయురేథేన్ రెజిన్ (ద్రవంగా పోస్తే గట్టిపడే ప్లాస్టిక్) పోయడం సులువు. సిలికోన్ అచ్చు కొన్ని పదుల పోతల తర్వాత చిరగడం మొదలెడుతుంది, కాబట్టి మాస్టర్‌ని (అచ్చు తీయడానికి వాడిన అసలు నమూనాని) జాగ్రత్తగా దాచుకోండి. మళ్ళీ అచ్చు తీయాల్సిందే.

మెత్తని, లోపల బోలుగా ఉండే ఫిగర్ కావాలంటే సాఫ్ట్ వినైల్. జపాన్‌లో దీన్ని సోఫుబి అంటారు. మైనపు నమూనా మీద రాగి పూత పెంచి అచ్చు చేస్తారు. ద్రవ వినైల్ పోసి వేడి చేసి, మెత్తగా ఉన్నప్పుడే పట్టకారుతో బయటికి లాగుతారు. వంగే గుణం ఉంది కనుకే అంత వంకర రూపాలు కూడా అచ్చులోంచి ఊడివస్తాయి.

వేలల్లో కావాలంటే ఇంజెక్షన్ మోల్డింగ్, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని లోహపు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కించడం. లోహపు అచ్చుకు పెట్టుబడి భారీగా ఉంటుంది, ఆ తర్వాత ఒక్కో ముక్కకు అయ్యేది చాలా తక్కువ. అచ్చు నుంచి జారి రావడానికి నిలువు గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఉండాలి, కొక్కెంలా లోపలికి వంగే భాగాలు ఉండకూడదు. చాలామంది శిల్పులు ఈ మాట ఫ్యాక్టరీ నోట మొదటిసారి వింటారు, అప్పటికి ఆలస్యమైపోతుంది. మొదటి సెట్‌కే లోహపు అచ్చు జోలికి పోవద్దని మా మాట.

3డీ ప్రింట్ చేసిన మాస్టర్ మీద సిలికోన్ పోశాను. తగిలిన చోటల్లా జిగురుగానే ఉండిపోయింది. ఎందుకు?

మీరు వాడింది ప్లాటినం రకం సిలికోన్ అయివుంటుంది. రెజిన్ ప్రింటర్‌లో తీసిన ముక్క మీద పూర్తిగా గట్టిపడని రెజిన్ మిగిలి ఉంటే ప్లాటినం సిలికోన్ గట్టిపడదు. గంధకం ఉన్న మోడలింగ్ క్లే, లేటెక్స్ గ్లౌజులు కూడా ఇదే పని చేస్తాయి. ప్రింట్‌ని బాగా కడిగి, యూవీ కింద పూర్తిగా గట్టిపరచి, పైన అక్రిలిక్ లాంటి పూత వేసి, ముందు ఒక మూల కొద్దిగా పరీక్షించండి. లేదంటే టిన్ రకం సిలికోన్ వాడండి. దానికి ఈ పట్టింపు లేదు, కాకపోతే కాలం గడిచేకొద్దీ కాస్త కుంచించుకుపోతుంది, అచ్చు ఎక్కువకాలం నిల్వ ఉండదు.

ముక్కల్లో బుడగలు పోవడం లేదు.

రెజిన్ పోసిన అచ్చును గట్టిపడేదాకా ప్రెషర్ పాట్‌లో (గాలిని ఒత్తిడితో నింపే మూతగిన్నెలో) ఉంచాలి. సాధారణంగా 40 నుంచి 60 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) పెడతారు, మీ పాట్ మీద రాసిన పరిమితి దాటకూడదు. బుడగలు కనపడనంత చిన్నవైపోతాయి. సిలికోన్ అచ్చును కూడా అదే ప్రెషర్‌లో గట్టిపరచి ఉండాలి. లేకపోతే అచ్చు గోడల్లోని బుడగలు నొక్కుకుపోయి ఫిగర్ మీద పొక్కుల్లా లేస్తాయి. ముక్క మొత్తం నురగలా పొంగుతుంటే అది వేరే సమస్య: రెజిన్‌కి తేమ తగిలింది, ఆ డబ్బా పక్కన పెట్టేయండి.

కీళ్ళ దగ్గర పెగ్గులు విరిగిపోతున్నాయి.

గట్టి రెజిన్ పెళుసు. సన్నని పెగ్ అందులో నిలవదు. పెగ్‌ని లావు చేయండి, మొదట్లో అంచు గుండ్రంగా చేయండి, లేదా కీళ్ళు మానేసి నిలబడే విగ్రహంలా చేయండి. అయస్కాంతాలు పెట్టాలనిపిస్తుంది. పిల్లల చేతికి వెళ్ళే అవకాశం ఏమాత్రం ఉన్నా పెట్టవద్దు. చిన్న బలమైన అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదకు తెస్తాయి.

ఇంట్లో రెజిన్ పోయడం ప్రమాదమా?

అజాగ్రత్తగా చేస్తే ప్రమాదమే. పాలీయురేథేన్ రెజిన్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, పదే పదే పీలిస్తే ఆస్తమా లాంటి అలర్జీ పట్టుకుంటుంది. గాలి ఆడే చోటు, ఆవిరికి పనికొచ్చే మాస్క్, నైట్రైల్ గ్లౌజులు ఉండాలి. గీకేటప్పుడు, సాన పట్టేటప్పుడు వచ్చే పొడికి కూడా మాస్క్ కావాలి, తడిపి సాన పడితే పొడి లేవదు. వంటింట్లో వద్దు.

'పెద్దల కలెక్షన్ కోసం మాత్రమే' అని రాస్తే సేఫ్టీ పరీక్షలు తప్పుతాయా?

స్టిక్కర్ ఒక్కటే కాపాడదు. అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్963, యూరప్‌లో ఈఎన్ 71 అనే ప్రమాణాలు పిల్లల బొమ్మలకు వర్తిస్తాయి. వస్తువు రూపం, ప్యాకింగ్, అమ్మే తీరు చూసి అది పిల్లల కోసమే అనిపిస్తే, లేబుల్ ఏం చెప్పినా దాన్ని బొమ్మగానే చూస్తారు. కార్టూన్ పెట్టెలో పెట్టి, బొమ్మల అరలో నిలబెట్టి, కింద చిన్న అక్షరాల్లో పెద్దలకు అని రాయడం కుదరదు. మూడేళ్ళలోపు పిల్లల విషయంలో చిన్న ముక్కల పరీక్షకు 31.7 మి.మీ. వ్యాసం ఉన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టే ముక్క గొంతుకు అడ్డం పడేదిగా లెక్క. విప్పి మార్చుకునే చేతులన్నీ దాదాపు అందులో పడతాయి.

## పేజీలు, ప్రింటింగ్

కామిక్ ఎన్ని పేజీలు ఉండాలి?

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే నాలుగుతో భాగించగల సంఖ్య. 22 పేజీల కథ రాసి ప్రింటర్ దగ్గరికి వెళ్తే రెండు పేజీలు ఖాళీగా మిగులుతాయి. వాటిలో ఫిగర్ల మూడు వైపుల స్కెచ్‌లు వేయండి, పాఠకులు ఇష్టంగా చూసే పేజీలు అవే. అమెరికన్ కామిక్ సైజు 6.625 × 10.25 అంగుళాలు. అంచుల దాకా రంగు ఉండే పేజీకి చుట్టూ 3 మి.మీ. అదనంగా గీసి ఇవ్వాలి.

తెలుగు డైలాగులు బుడగలో పట్టడం లేదు. అక్షరాలు కూడా విడిపోతున్నాయి.

రెండు వేరు వేరు సమస్యలు. మొదటిది స్థలం. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, ఇంగ్లిష్ కామిక్ కొలతతో వరసలు దగ్గర పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. వరసల మధ్య దూరం పెంచాలి, అంటే మాటలు తగ్గించాలి. ఆర్టిస్ట్ గీయకముందే బుడగల చోటు గుర్తు పెట్టించండి. గీశాక వెతికితే పాత్ర మొహం మీద తప్ప ఎక్కడా ఖాళీ ఉండదు. మన మాటలు పొడవు, మధ్యలో విరగ్గొడితే చదవడం కష్టం. బుడగను గుండ్రంగా కాకుండా అడ్డంగా సాగదీసి గీయడం మేలు.

రెండోది సాఫ్ట్‌వేర్. డ్రాయింగ్ ప్రోగ్రాములు కొన్నింటిలో ఒత్తులు కిందకు దిగకుండా పొల్లుతో పక్కన నిలబడతాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టెక్స్ట్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల కోసం ఉన్న ఆప్షన్ ఎంచుకోవాలి. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ తెలుగు సరిగ్గానే వస్తుంది. ఫాంట్ల విషయానికొస్తే రామభద్ర, మల్లన్న, రవిప్రకాశ్, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ లైసెన్స్‌తో దొరుకుతాయి. సంభాషణకు మల్లన్న తేలికగా చదివిస్తుంది, అరుపులకు రామభద్ర బరువు సరిపోతుంది. ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో అరిపిస్తారు, మనకు ఆ సదుపాయం లేదు. లావు, సైజు, బుడగ ఆకారంతోనే అరిపించాలి.

ప్రింటర్‌కి ఇచ్చే ముందు అక్షరాలను ఔట్‌లైన్లుగా (ఫాంట్ అవసరం లేని గీతలుగా) మార్చి, ఆ ఫైల్‌ని తెరపై కాకుండా కాగితం మీద తీసి చదవండి.

అంతరిక్షం నల్లగా రావడం లేదు, బూడిద రంగులో వస్తోంది.

ఒక్క నల్ల ఇంకుతో పెద్ద ప్రదేశం నింపితే అంతే. నలుపు 100 శాతానికి తోడు మిగతా మూడు రంగులూ కొద్దికొద్దిగా కలపాలి, ఉదాహరణకు సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40. మీ ప్రింటర్ ఏ మిశ్రమం వాడమంటాడో ముందే అడగండి, కాగితం మోయగలిగే ఇంకుకు హద్దు ఉంది. డైలాగు అక్షరాలకు మాత్రం ఒక్క నల్ల ఇంకే ఉండాలి. నాలుగు రంగుల అక్షరం, ఒక్కో రంగును అద్దే ప్రింటింగ్ ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా మసకబారుతుంది, ఒత్తులు ముందు పోతాయి.

ఫిగర్ ప్యాక్‌లోనే చిన్న కామిక్ పెట్టాలనుంది. ఎలా?

మంచి ఆలోచన. 1982లో మాస్టర్స్ ఆఫ్ ద యూనివర్స్ ఫిగర్లతో మాటెల్ ఇలాగే మినీ కామిక్స్ ఇచ్చింది. ఒక ఏ4 కాగితాన్ని ఒకవైపే ప్రింట్ చేసి, మధ్యలో ఒక్క కోత పెట్టి మడిస్తే 8 పేజీల ఏ7 పుస్తకం అవుతుంది, పిన్ను కూడా అక్కర్లేదు. కవర్లు పోగా మిగిలేది ఆరు పేజీలు. పుట్టుపూర్వోత్తరాలకు అందులో చోటుండదు. ఆ ఫిగర్‌కి జరిగిన ఒక్క సంఘటన చెప్పి వదిలేయండి.

## హక్కులు

శిల్పికి, ఆర్టిస్ట్‌కి డబ్బులిచ్చేశాం. ఇక అన్ని హక్కులూ మావేనా?

డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కులు మీవైపోయాయని అనుకోవద్దు. చాలా దేశాల్లో హక్కు బదిలీకి రాతపూర్వక ఒప్పందం కావాలి. కామిక్ పేజీలు, పాత్ర రూపం, శిల్పం, అచ్చు, పేరు, లోగో వీటిని ఒప్పందంలో విడివిడిగా రాయండి. అచ్చు భౌతికంగా ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయాలి, స్నేహితుల మధ్య గొడవలు అక్కడే వస్తాయి.

ఒక బొమ్మల కంపెనీ మా కథకు లైసెన్స్ ఇమ్మంటోంది. ఏం చూసుకోవాలి?

విడిపోయిన రోజు ఎవరికి ఏం మిగులుతుందో చూసుకోండి. జపాన్ కంపెనీ తకారా తెచ్చిన మైక్రోమ్యాన్ ఫిగర్లను అమెరికాలో మెగో కంపెనీ 1976 నుంచి మైక్రోనాట్స్ పేరుతో అమ్మింది. 1979లో మార్వెల్ కామిక్ మొదలైంది. మెగో 1980ల మొదట్లోనే మూతపడినా కామిక్ 1986 దాకా నడిచింది. ఆ పేరు, బొమ్మలుగా ఉన్న పాత్రలు మార్వెల్‌వి కావు. కామిక్ కోసం పుట్టించిన బగ్ లాంటి పాత్రలు మాత్రం మార్వెల్‌వే. అందువల్ల బగ్ వేరే కామిక్స్‌లో తిరుగుతూనే ఉన్నాడు, అసలు సంచికలు మాత్రం దశాబ్దాలపాటు మళ్ళీ అచ్చు కాలేదు. పెద్ద సంపుటాలుగా రావడానికి 2024 దాకా పట్టింది. మీ ఒప్పందంలో 'లైసెన్స్ ముగిశాక పాత సంచికలు మళ్ళీ అచ్చువేసే హక్కు' అన్న ఒక్క వాక్యం అడిగి పెట్టించుకోండి.

వేరే కంపెనీల ఫిగర్లకు సరిపోయే పెగ్ సైజు వాడొచ్చా?

5 మి.మీ. పెగ్ ఎన్నో కంపెనీలు వాడే కొలత, సైజు ఒక్కటే అయినంత మాత్రాన సాధారణంగా ఇబ్బంది రాదు. ఎదుటివాళ్ళ పేరు, లోగో, శిల్పం వాడితే వస్తుంది. ప్రత్యేకమైన కీలు విధానమైతే పేటెంట్ ఉందేమో చూపించుకోండి.

## అమ్మకం, పంపడం

క్రౌడ్‌ఫండింగ్‌లో (జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసేటప్పుడు) కామిక్, ఫిగర్ కలిపి పెట్టాలా?

విడివిడిగా కొనే వీలు ఉంచండి, తేదీలు కూడా వేరు వేరుగా చెప్పండి. కలిపి పెడితే బొమ్మ ఆలస్యమైన ప్రతిసారీ సిద్ధంగా ఉన్న కామిక్ కూడా అట్టపెట్టెల్లో కూర్చుంటుంది, నమ్మి డబ్బు కట్టినవాళ్ళ కోపం రెండింటి మీదా పడుతుంది. మాస్టర్ పూర్తయి, కనీసం ఒక పోత చేతిలో ఉన్నాకే డబ్బు అడగడం మర్యాద.

రెండూ ఒకే పెట్టెలో పంపితే పాడవుతాయా?

మెత్తని వినైల్ ఫిగర్ నేరుగా కవర్‌కి ఆనితే కాలక్రమంలో అందులోని ప్లాస్టిసైజర్ (వినైల్‌ని మెత్తగా ఉంచే రసాయనం) ఇంకును అంటుకుంటుంది. కామిక్‌ని పాలీప్రొపిలీన్ కవర్లో, వెనక అట్ట పెట్టి ఉంచండి. ఫిగర్‌ని వేరే సంచిలో పెట్టి కదలకుండా బిగించండి. వదులుగా ఉన్న రెజిన్ ముక్క పుస్తకం మూలలను నలిపేస్తుంది.

కొన్నవాళ్ళు ఫిగర్లకు సొంత రంగులేసి, మా కథకు విరుద్ధంగా కథలు అల్లుకుంటున్నారు. ఆపాలా?

ఎందుకు ఆపాలి? విప్పి కలుపుకోమని ముక్కలు అమ్మింది మీరే. అచ్చు నకలు తీసి అమ్మితే ఆపండి, మీ లోగో పెట్టుకుంటే ఆపండి. తక్కినదంతా మీ కథ జనంలోకి వెళ్ళిందన్న లెక్క. బాగున్న వాటి ఫొటోలు, వేసినవాళ్ళ అనుమతితో, తర్వాతి సంచికలో మిగిలే పేజీల్లో వేయండి. ఎవరో వేసిన రంగు మీకు మరీ నచ్చితే, వాళ్ళతో రాతపూర్వకంగా మాట్లాడుకుని, పేరు వేసి, తర్వాతి పోత ఆ రంగులోనే తీయండి.